జెండా తాడు ఎవరి చేతిలో

అది 2022. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లయిన సందర్భమని ఆ ఆగస్టులో కరీంనగర్‌లో ఎక్కడ చూసినా జెండాలే. ఆటోల అద్దాలకు, కిరాణా కొట్ల షట్టర్లకు, మా కేబుల్ చానల్ మెట్ల పక్కన నిలబడే మిర్చి బండికి కూడా. నేను ఆ చానల్‌లో ఇన్‌పుట్ డెస్క్ చూసేదాన్ని. బయటి నుంచి వచ్చే ప్రతి వార్తనూ, ప్రతి వీడియోనూ మొదట అందుకునే బల్ల అది. ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తీశారు అని తేల్చాకే లోపలికి పంపాలి. తేల్చలేకపోతే, ఎంత సంచలనమైనదైనా పక్కన పెట్టాలి.

మండలానికొక రిపోర్టర్‌ను పెట్టుకునే స్తోమత మా చానల్‌కు లేదు. అందుకే స్క్రీన్ కింద ఒక వాట్సాప్ నంబరు తిరుగుతూ ఉండేది. జైనూర్ వైపు వాగు పొంగి దారి తెగిందని, సుల్తానాబాద్‌లో వడ్లు తడిశాయని జనమే వీడియోలు తీసి పంపేవారు. వచ్చినవాటిలో చాలా భాగం పాతవి, లేదా ఎక్కడో వేరే రాష్ట్రానివి. అసలైనవి దొరికితే మా ఎండీ గారు వాటి మీద 'సిటిజన్ జర్నలిస్ట్' అని పెద్ద అక్షరాలతో వేయించేవారు. పంపినవాళ్లకు మాత్రం తమకు అలాంటి పేరొకటి ఉందని తెలియదు. చూసింది పంపేవారు, అంతే.

ఆగస్టు పదిహేను మధ్యాహ్నం ఆ నంబరుకు ఒక క్లిప్ వచ్చింది. హుజూరాబాద్ దాటాక వచ్చే ఒక ఊరిది. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను. గ్రామ పంచాయతీ ముందు జెండా గద్దె, దాని చుట్టూ రంగుల ముగ్గు. పంచాయతీ కార్యదర్శి తాడు విప్పి సర్పంచ్ రాజవ్వ చేతికి ఇస్తాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుంటుంది. పక్క నుంచి ఉప సర్పంచ్ జనార్దన్ వచ్చి ఆ తాడు తీసుకుంటాడు. గుంజుకోవడం కూడా కాదు. చిన్నపిల్లల చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు తీసుకుంటాడు. ఆయనే జెండా ఎగరేస్తాడు. రాజవ్వ ఒక అడుగు వెనక్కి జరిగి సెల్యూట్ చేస్తుంది. జనగణమన మొదలవుతుండగా క్లిప్ ఆగిపోతుంది.

కింద ఒక వాయిస్ మెసేజ్ ఉంది.

"మేడం, గామె మా ఊరి సర్పంచ్. ఎస్సీ మహిళ కోటాల గెలిచింది. జెండా ఎగరేసుడు గామె హక్కు. పోయినేడు గూడ గిట్లనే చేసిండ్రు, అందరం చూసుకుంట నిలబడ్డం. గీసారి నేను తీసిన. మీరు ఏస్తరా, ఎయ్యరా?"

వెంటనే ఫోన్ చేశాను. ఆమె పేరు ఎస్తేరు. బీడీలు చేస్తుంది. వాళ్లది ఆ ఊళ్లో ఉన్న కొద్దిపాటి మెథడిస్టు కుటుంబాల్లో ఒకటి. భర్త ప్రభుదాస్ మస్కట్‌లో డ్రైవరు. వీడియో తీయడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే నవ్వింది.

"నేర్చుకునుడేంది మేడం. మా ఆయనకు ఊరంటే పానం. చెర్వు నిండిందా, ఎవలి గోడ కూలింది, అన్నీ చూడాలంటడు. ఐతారం ఐతారం తిరిగి తీసి పంపుత. ఫోన్ ఊపితే ఆయనకు తలకాయ తిరుగుతదట. గందుకే ఊపకుండ పట్టుడు అలవాటయింది."

ఒక్క మనిషి మాట మీద వార్త వేయకూడదన్నది మా బల్ల మీద మొదటి నియమం. కార్యదర్శికి ఫోన్ చేశాను. "నేను జెండా దిక్కు చూస్తున్న మేడం, నాకేం తెల్వది" అన్నాడాయన. తర్వాత రాజవ్వకు చేశాను. ఆమె మెల్లగా అంది. "అవునమ్మా. నేనే ఎగరేయాలె. కొత్త చీర కట్టుకొని పోయిన. ఎగరెయ్యనియ్యలే." వార్తగా వేయమంటావా అని అడిగాను. "ఏసుకోండ్రి" అని పెట్టేసింది. అది డెస్క్ మీది పాత ల్యాండ్‌లైన్. అందులో మాట రికార్డయ్యే ఏర్పాటు లేదు.

సాయంత్రం బులెటిన్‌లో వేశాం. తెల్లవారేసరికి ఆ క్లిప్ జిల్లా అంతా తిరిగింది. సాయంత్రానికి ఇంకో వీడియో కూడా తిరగడం మొదలుపెట్టింది. అందులో రాజవ్వ పంచాయతీ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. "నా చెయ్యి నొస్తుంటే నేనే ఆయనకు తాడిచ్చిన. నన్నెవ్వలు అవమానం చెయ్యలే. టీవోళ్లు తప్పు చూపెట్టిండ్రు" అంటోంది. చూపు మాత్రం కెమెరా మీద లేదు. కెమెరా పక్కన నిలబడ్డ ఎవరి వైపో ఉంది.

అక్కడితో ఆగలేదు. ఎస్తేరు మీద పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు పడింది. జాతీయ గీతం పాడుతున్నప్పుడు సెల్యూట్ చేయకుండా ఫోన్ పట్టుకుని నిలబడి అవమానించిందని, పండగ రోజున దేశం పరువు తీసిందని అందులో రాశారు. వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా చాలా రాశారు. చర్చికి పోయేదానికి దేశం మీద ప్రేమ ఎక్కడుంటుందని ఒకరు రాస్తే, దాని కింద బొటనవేళ్ల బొమ్మలు వరుసగా పడ్డాయి.

ఎండీ గారు నన్ను తన గదికి పిలిచారు. టేబుల్ మీద ఒక కాగితం ఉంది. "సవరణ వేద్దాం" అన్నారు. వేసిన వార్త తప్పని, దానికి చింతిస్తున్నామని చానల్ తనంతట తాను చెప్పుకోవడాన్ని మా వృత్తిలో సవరణ అంటారు.

"వార్త తప్పు కాదు సార్. ఆమె నాతోనే చెప్పింది."

"చెప్పిందనడానికి నీ దగ్గర ఏమున్నది? ఆమెనే ఇప్పుడు కాదంటున్నది. ఏదో రోడ్డు బాగలేదనో, కరెంటు లేదనో అయితే నేను నీ దిక్కే నిలబడుదును. ఇది జెండా విషయం. దేశం విషయం. మనకు దేశభక్తి లేదంటే మనం ఏం జవాబు చెప్తం?"

"జెండా విషయం కాబట్టే సార్. ఊరు ఓట్లేసి గెలిపించిన మనిషి చేతిలోంచి తాడు తీసుకున్నోడు దేశభక్తుడు, అది చూపించినోళ్లం మనం దోషులమా?"

ఆయన కాగితాన్ని నా వైపు జరిపారు. నేను తీసుకోలేదు. "ఇది నేను రాయను. వేరేవాళ్లతో రాయించి వేస్తే, అదే రోజు నా రాజీనామా కూడా తీసుకోండి" అన్నాను. ఆయన ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నారు. చివరికి, "రేపటిదాకా టైం ఇస్తున్న. ఏదన్నా ఆధారం పట్టుకురా" అన్నారు.

అప్పటికప్పుడు హుజూరాబాద్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను. ఎస్తేరు ఇంటి ముందు అరుగు మీద చాటలో తునికాకు, పొగాకు అలాగే ఉన్నాయి. ఆ రోజు పని సాగినట్టు లేదు. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది.

"రాజవ్వ మీద కోపమొచ్చిందా?" అని అడిగాను.

"ఎందుకొస్తది? ఆమె కొడుకు నడిపేది జనార్దన్ ట్రాక్టరే. గామె ఏం చేస్తది." చాట పక్కకు జరిపి మళ్లీ అంది. "కని నా మీద గింత మన్ను పోస్తరనుకోలే. దేశం మీద ప్రేమ లేదట నాకు. మా చర్చి ముందట గూడ జెండా ఎగరేస్తం. నేను సిన్నప్పటి సంది జనగణమన పాడుతున్న. వీళ్లెవలు నన్ను అడగనీకి?"

మాకు పంపింది కత్తిరించిన ముక్క అని నాకు అప్పటికే అనుమానం. అసలు వీడియో ఉందా అని అడిగాను. పెద్దగా ఉండి వాట్సాప్‌లో పోలేదని, ముందూ వెనకా కోసి పంపానని చెప్పింది. కోత పెట్టకుండా కెమెరాలో ఎలా పడిందో అలాగే ఉన్నదాన్ని మేము రా ఫుటేజ్ అంటాం. ఏ గొడవ వచ్చినా మమ్మల్ని నిలబెట్టేది అదే. ఇద్దరం అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చూశాం.

వాట్సాప్ ముక్కలో సరిగా వినపడని మాటలు ఇందులో స్పష్టంగా ఉన్నాయి. "రా అవ్వా, తాడు పట్టుకో" అంటాడు కార్యదర్శి. రాజవ్వ పట్టుకుంటుంది. "నీకు రాదు తియ్యి. కొబ్బరికాయ కొడుదువు గని, పక్కకు నిలబడు" అంటాడు జనార్దన్. "పట్టుకున్న గద" అంటుంది రాజవ్వ. చాలా చిన్న గొంతు. కానీ వినిపిస్తుంది.

ఆ తర్వాత జనగణమన. అక్కడ నేను వీడియో ఆపి మళ్లీ వెనక్కి తిప్పాను. అంతకు ముందు ఎస్తేరు చేయి ఎంత అలవాటు పడినదైనా ఫ్రేము కొంచెం కొంచెం కదులుతూనే ఉంది. గీతం మొదలైన క్షణం నుంచి అయిపోయేదాకా అది చెక్కుచెదరలేదు. జెండా కదులుతోంది, పిల్లల జుట్టు కదులుతోంది, చిత్రం అంచు మాత్రం కదలడం లేదు. ఎన్నో ఏళ్లుగా కెమెరామెన్లు తీసిన దృశ్యాలు చూసినదాన్ని. అటెన్షన్‌లో నిలబడ్డ మనిషి తీసిన దృశ్యం అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"ఊపిరి బిగవట్టిన" అంది ఎస్తేరు, నేను అడగకముందే. "ఫోన్ దించితే ఆయన ఎగరేసిందే నిజమైతది. దించకపోతే పాటకు తప్పయితదా అనిపించింది. గందుకే కదలకుండ నిలబడ్డ."

అప్పుడే మస్కట్ నుంచి ప్రభుదాస్ ఫోన్ వచ్చింది. ఊరివాళ్లెవరో ఆయనకు చేసి, పెళ్లాం మీద దేశద్రోహం కేసు పడితే పాస్‌పోర్టుకు ఇబ్బంది అవుతుందని బెదిరించారట. ఎస్తేరు ఫోన్ నాకిచ్చింది.

"మేడం, వాళ్లు చెప్పేది నిజమేనా? నేను మళ్ల వచ్చుడు పోవుడు కష్టమైతదా?"

"గట్ల కాదనే అనుకుంటున్న. కేసింకా కాలేదు, ఫిర్యాదే ఉన్నది. ఒక వకీలును అడిగిన, ఆమె రేపు స్టేషన్‌కు వస్తనన్నది. అయినా ఏం కాదని నేను ఒట్టేసి చెప్పలేను."

వెనక ఎక్కడో వాహనాల మోత. "ఎస్తేరు ఏమంటున్నది?" అని అడిగాడు.

ఆమె ఫోన్ తీసుకుంది. "వీడియో తీసెయ్యమంటున్నరు. నేను తీసెయ్యనంటున్న."

"మరి తీసెయ్యకు" అన్నాడు ఆయన. "నా గురించి ఫికర్ చెయ్యకు. జర పైలం."

ఎస్సై రమ్మన్నాడని మరుసటి రోజు పొద్దున ఎస్తేరు, నేను, వకీలు స్టేషన్‌కు పోయాం. ఎస్సై వయసులో చిన్నవాడు. కటువుగా ఏమీ మాట్లాడలేదు. కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. జనార్దన్ మరో ఇద్దరితో గోడ వారగా కూర్చుని ఉన్నాడు.

"చూడమ్మా, పెద్దగా చేసుకోవద్దు" అన్నాడు ఎస్సై. "వీడియో తీసెయ్యి. తెల్వక చేసిన, క్షమించండి అని ఒక కాగితం రాసియ్యి. ఇంటికి పో. నేను కూడా ఇది ఇక్కడ్నే ముగిస్త."

"తెల్వక చెయ్యలే సార్. తెలిసే చేసిన."

"జాతీయ గీతం పాడుతుంటే ఫోన్ పట్టుకుంటరా?"

"గీ వీడియో మొత్తం చూడుండ్రి. చూసినంక నేను కదిలిన్నని మీరంటే, క్షమాపణ రాసిస్త. కదిలింది ఎవలో గూడ గండ్లనే ఉన్నది. పాట నడిమిట్ల జనార్దన్ సారు పక్కనోనితోని మాట్లాడి నవ్విండు."

ఎస్సై వీడియో చూడడం మొదలుపెట్టాడు. గోడ వారన కూర్చున్నవాళ్లలో ఒకతను లేచి, "సార్, సర్పంచ్ అమ్మనే ఏం కాలేదని చెప్పినంక ఈ వీడియోతోని పనేంది?" అన్నాడు. వీడియోలో మాట ఎంత స్పష్టంగా ఉన్నా, మాట పడ్డ మనిషే కాదంటే దాని విలువ సగమైపోతుంది. ఎస్సై వీడియో ఆపి మా వకీలు వైపు చూశాడు.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. తలుపు దగ్గర కానిస్టేబులు ఎవరినో ఆపుతున్నాడు. "నేను సర్పంచ్‌ను, జరుగు" అని వినిపించింది. రాజవ్వ లోపలికి వచ్చింది. వెనక బీడీలు చేసే ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. ఆమె జనార్దన్ వైపు చూడలేదు. ఎస్సై కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సారూ, ఎస్తేరు తీసిందే నిజం. నా చెయ్యి నొయ్యలే. తాడు నేనియ్యలే, ఆయన తీసుకున్నడు. నేను గా రెండో వీడియోల చెప్పింది అబద్దం. రాసుకోండ్రి."

"మొన్న వేరే చెప్పినవు కదమ్మా?"

"మొన్న భయమైంది సారూ. ఇప్పుడు గూడ భయమున్నది. కని నా కోసం గీ పిల్లను ఠాణాల కూసోబెట్టిండ్రని తెలిసినంక ఇంట్ల కూసునుడు నాతోని గాలే."

జనార్దన్ లేచాడు. "రాజవ్వా, నీ కొడుకు సంగతి జర ఆలోచించుకొని మాట్లాడు."

ఆమె అప్పుడు ఆయన వైపు తిరిగింది. "నా కొడుకుకు డ్రైవింగ్ వచ్చు. నీ ట్రాక్టర్ కాకుంటే ఇంకొకలది నడుపుతడు. గీ మాట గూడ రాసుకోండ్రి సారూ, పోలీసుల ముందటనే బెదిరిస్తున్నడు."

ఎస్సై పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు. రాజవ్వ చెప్పింది మొత్తం చదివి వినిపించాడు. ఆమె సంతకం చేసింది. అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ పూర్తి పేరు రాసి, కింద 'సర్పంచ్' అని కూడా రాసింది. ఎస్తేరు మీది ఫిర్యాదులో పస లేదని రాసి మూసేస్తామని ఎస్సై మా వకీలుకు చెప్పాడు.

నేను ఆ రా ఫుటేజ్‌తో కరీంనగర్ తిరిగి వచ్చి ఎండీ గారి ముందు పెట్టాను. ఆయన మొత్తం చూశారు. గీతం వస్తున్నప్పుడు కుర్చీలో నిటారుగా అయ్యారు. లేచి నిలబడాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించడం నేను గమనించాను.

"వెయ్యి" అన్నారు చివరికి. "వేస్తే మొత్తం వెయ్యి. జనగణమన నడిమిట్ల కట్ చెయ్యకు."

ఆ రోజు బులెటిన్‌లో ఆ వీడియోను ముందు మాట లేకుండా, వెనక సంగీతం లేకుండా, పూర్తిగా వేశాం. దాని తర్వాత రాజవ్వ బైట్. బైట్ అంటే మనిషి తన నోటితో చెప్పిన మాట. ఈసారి ఆమె కెమెరాలోకి సూటిగా చూసింది.

అన్నీ సవ్యంగా ముగిశాయని రాస్తే అబద్ధమవుతుంది. జనార్దన్ పదవికి ఏమీ కాలేదు. పైనుంచి సంజాయిషీ అడుగుతూ మెమో ఒకటి వచ్చింది, అది కార్యదర్శికి వచ్చింది. రాజవ్వ కొడుకుకు ఆ వారమే పని పోయింది. జమ్మికుంటలో ఇంకొకరి దగ్గర కుదిరేదాకా ఆ ఇల్లు ఇబ్బంది పడింది. ఎస్తేరును గ్రూపుల్లో తిట్టినవాళ్లెవరూ మళ్లీ వచ్చి తప్పయిందనలేదు. ఆమె అందుకోసం ఎదురుచూడనూ లేదు. ఊళ్లో నీళ్ల ట్యాంకు కారుతోందని, అంగన్‌వాడీకి తాళం వేసి ఉందని వీడియోలు పంపుతూనే ఉంది.

ఆమెకు మా చానల్ తరఫున ఐడీ కార్డు ఇద్దామని ఎండీ గారే అన్నారు. నేను సంతోషంగా ఫోన్ చేసి చెప్పాను.

"వద్దక్కా" అంది. అప్పటికి మేడం పోయి అక్క అయ్యాను. "కార్డిస్తే నేను మీ మనిషినైత. రేపు మీ సారు గిది తియ్యి, గది తియ్యకు అంటే వినాలె. గిప్పుడు నేను ఊరి మనిషిని. ఏది చూస్తే గది తీస్త."

ఇరవై ఏళ్లు నిండబోతున్న వృత్తిలో నన్ను అంత సూటిగా ఎవరూ కొట్టలేదు. కొట్టిన చోట నొప్పి కూడా లేదు.

జనవరి ఇరవై ఆరున నేను సెలవు పెట్టి ఆ ఊరికి పోయాను. వార్త కోసం కాదు, చూడాలనిపించింది. ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. కార్యదర్శి ఈసారి తాడు రాజవ్వ చేతికిచ్చి, తాను నాలుగడుగులు దూరంగా పోయి నిలబడ్డాడు. ఆమె లాగింది. పైన జెండా ముడి బిగుసుకుని వీడలేదు. మళ్లీ లాగింది. రాలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలో ఉన్న జనార్దన్ చేయి చాపి ఒక అడుగు ముందుకు వేశాడు. సాయం చేద్దామనే కావచ్చు, అలవాటే కావచ్చు.

రాజవ్వ ఆయన వైపు చూడకుండానే, "ఆగు" అంది.

ఆయన ఆగాడు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, తాడు చేతికి ఒక చుట్టు చుట్టుకుని, గట్టిగా ఒక్కసారి లాగింది. ముడి వీడింది. బంతిపూల రేకులు ఆమె తల మీద పడ్డాయి. పిల్లలు గీతం ఎత్తుకున్నారు.

ఆ ఊరి నుంచి నేను నేర్చుకుని తెచ్చుకున్నది చిన్నదే. ఇప్పటికీ డెస్క్‌కు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఈ వీడియో వేస్తే ఊరి పరువు పోతుందని, జిల్లా పరువు పోతుందని, దేశం పరువు పోతుందని చెప్తారు. కొందరు మెల్లగా చెప్తారు, కొందరు బెదిరిస్తారు. దేశం మీద నాకెంత ప్రేమ ఉందో లెక్క చెప్పమంటారు. నేను వాదన పెట్టుకోను. ఒక్కటే అడుగుతాను. అది జరిగిందా, జరగలేదా? జరగలేదంటే చూపించమంటాను, తప్పయితే దిద్దుకుంటాను. జరిగిందంటే మాత్రం, పరువు తీసింది ఆ పని చేసినవాళ్లు, వీడియో తీసినవాళ్లు కాదు అని చెప్పి ఫోన్ పెట్టేస్తాను. ఆ తర్వాత వీడియో లోపలికి పంపుతాను.